డిటెక్టివ్ గారి వెనకాల చూడండి

తణుకు,
జూన్ నెలాఖరు.



పోయిన ఉత్తరం చివర్లో పాత డిటెక్టివ్ సీరియళ్ళ ఊసు ఎత్తానో లేదో, మీ జవాబులు వరసపెట్టి వచ్చేశాయి. దూరదర్శన్‌లో కారెట్లు కొరుక్కుంటూ కేసులు తేల్చిన ‘కరంచంద్’ ఒకరికి గుర్తొచ్చాడు. పంచె కట్టుకుని, గొంతు పెంచకుండా దొంగని పట్టేసే ‘బ్యోమకేశ్ బక్షి’ అంటే ఇప్పటికీ ప్రాణమని ఇంకొకరు రాశారు. భీమవరం నుంచి ఒకావిడ మాత్రం నిలదీశారు: “హంతకుడెవరో తెలిసిపోయాక మళ్ళీ చూడ్డానికి ఏముంటుందండీ?”

న్యాయమైన ప్రశ్నే. ఈ నెల ఉత్తరమంతా దానికి జవాబే అనుకోండి.

రెండోసారి చూసేటప్పుడు నేను హంతకుణ్ణి చూడను, అతని వెనకాల గోడని చూస్తాను. గోడ మీద పోస్టరు, పక్కన కిళ్ళీకొట్టు బోర్డు, అటుగా పోతున్న బస్సు, కారు నంబరు ప్లేటు, చెట్టు నీడ ఎటు పడింది, ఇవీ నాకు కావలసినవి. ఈ సీను ఎక్కడ తీశారు, ఏ నెలలో తీశారు, కథలో చెప్పిన ఊరూ తీసిన ఊరూ ఒకటేనా అని తేల్చుకోవడం ఒక సరదా. తీసినవాళ్ళు ఎక్కడ కాలు జారారో పట్టుకోవడం ఇంకో సరదా. నటుడికి మాటలు రాసిచ్చారు, చొక్కా కుట్టించారు, మొహానికి రంగేశారు. వెనకాల వీధికి మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు. అందుకని అది ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. కథలో తప్పుగా తేలిందే చాలాసార్లు ఆ ఊరికి సాక్ష్యంగా మిగులుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతేనండి, మిగతాదంతా రుజువులు.

టీవీ రాకముందు కూడా మనవాళ్ళకి అపరాధ పరిశోధన అంటే తగని మోజు. మన తణుకులోనే 1912లో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాసి రైలు ప్రయాణికులకి చదివే అలవాటు చేశారు. ఆ తరవాత కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల షాపులకి అన్నం పెట్టారు. అయితే నవలకీ తెరకీ ఒక పెద్ద తేడా ఉంది. నవల్లో రచయిత రాసిందే ఉంటుంది; యుగంధర్ కారు దిగిన వీధిలో ఎవరి ఇంటి ముందు ముగ్గుందో ఆయన రాస్తేనే మనకి తెలుస్తుంది. కెమెరాకి అలాంటి మొహమాటం లేదు. దర్శకుడు అడిగినదీ అడగనిదీ అన్నీ పట్టేస్తుంది. మన ఆటంతా ఆ అడగని సరుకు మీదే.

ఆట మొదలెట్టే ముందు తీసినవాళ్ళ పక్షాన ఒక మాట చెప్పాలి. పంకజ్ పరాశర్ ‘కరంచంద్’ తీసింది 1985లో. బాసు చటర్జీ ‘బ్యోమకేశ్ బక్షి’ మొదలైంది 1993లో. అప్పట్లో వారానికో ఎపిసోడు. మధ్యలో కరెంటు పోతే ఆ వారం హంతకుడు తప్పించుకున్నట్టే. ఆపి చూడ్డం, వెనక్కి తిప్పి చూడ్డం, బొమ్మని వేళ్ళతో లాగి పెద్దది చేసుకోవడం వాళ్ళ ఊహలో లేవు. వాళ్ళు తీసింది ఆగని కంటి కోసం. సినిమావాళ్ళ అవస్థ మరీనూ. 35 ఎం.ఎం. ఫిల్ము వెయ్యడుగుల రీలు మొత్తం తిరిగితే వచ్చేది 11 నిమిషాల బొమ్మ. వెనకాల ఎవరో సైకిలాపి కెమెరాకేసి నోరెళ్ళబెట్టి చూశాడని ఇంకోసారి తియ్యాలంటే నిర్మాత గుండె గుభేలుమంటుంది. కాబట్టి తప్పు పట్టుకుందాం గాని, తిట్టొద్దు.

ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు ఇంగ్లండువాళ్ళు. డేవిడ్ సుషే 1989 నుంచి 2013 దాకా హెర్క్యూల్ పాయిరోగా వేసిన సీరియల్లో ఆయన ఉండే వైట్‌హేవెన్ మాన్షన్స్ ఉంది చూశారూ, అది లండన్ చార్టర్‌హౌస్ స్క్వేర్‌లోని ఫ్లోరిన్ కోర్ట్. అలలా వంపు తిరిగిన ముఖభాగం ఉన్న ఆ అపార్టుమెంటుని 1936లో కట్టారు. సీరియల్లో కథలు ఎక్కువగా నడిచేదీ ఆ ముప్ఫైల నడుమే. అంటే తెర మీద పాయిరో గారు ఇంకా సున్నం ఆరని కొత్త ఇంట్లో కాపరం ఉన్నారన్నమాట! కథ 1935లో అన్నారా, ఆ ఇల్లు పుట్టకముందే ఆయన గృహప్రవేశం చేసేసినట్టు. జోన్ హిక్సన్ మిస్ మార్పుల్‌గా వేసిన బీబీసీ సీరియల్లో సెయింట్ మేరీ మీడ్ పల్లెగా కనిపించేది హాంప్‌షైర్‌లోని నెదర్ వాలప్. జెరెమీ బ్రెట్ షెర్లాక్ హోమ్స్‌గా వేసిన గ్రెనడా సీరియల్లో బేకర్ స్ట్రీటు అసలు లండన్‌లోనే లేదు. మాంచెస్టర్ స్టూడియోలో వీధి మొత్తం సెట్టు వేశారు. లండన్‌లోని నిజం బేకర్ స్ట్రీటులో హోమ్స్ మ్యూజియం తలుపు మీద 221బి అని ఉంటుంది గాని, ఆ ఇల్లు ఉన్నది 237కీ 241కీ మధ్య. డిటెక్టివ్ ఇంటి నంబరే తప్పుడు సాక్ష్యమంటే ఇక చెప్పేదేముంది!

మన దగ్గరికొద్దాం. తెలుగులో ఈ ఆటకి నేను ముందు పెట్టేది సీరియల్ కాదు, సినిమా: జంధ్యాల గారి ‘చంటబ్బాయ్’, 1986. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల. జేమ్స్‌పాండ్ అని చెప్పుకు తిరిగే డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి. తీసింది విశాఖపట్నంలో. నవ్వడం అయ్యాక ఇంకోసారి వేసుకుని, ఈసారి మనుషుల్ని వదిలేసి ఊరిని చూడండి. ఇవాళ ఆర్కే బీచి అనగానే కళ్ళ ముందుకొచ్చే కుర్సురా జలాంతర్గామి ఆ సినిమాలో దొరకదు. దాన్ని ఒడ్డుకి లాగి మ్యూజియం చేసింది 2002లో. దానికి ఎదురుగా ఉన్న విమానం ఇంకా తరవాతది, 2017. కాబట్టి ఎవరైనా ఎనభైల నాటి విశాఖ కథంటూ సీరియల్ తీసి, హీరోయిన్ వెనకాల ఆ నల్లటి జలాంతర్గామి మూపు కనిపించనిచ్చారో, మనకి దొరికిపోయినట్టే.

విశాఖకి కుర్సురా ఉంటే మన గోదావరికి వంతెనలున్నాయి. రాజమండ్రి దగ్గర నది మీద తీసిన ఏ బొమ్మకైనా వయసు చెప్పొచ్చు. నీళ్ళ మీద రాతి స్తంభాల హేవలాక్ వంతెన ఒక్కటే ఉంటే అది డెబ్భైలకి ముందుది. హేవలాక్ 1900లో మొదలై 1997 దాకా రైళ్ళని మోసింది. పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన కూడా కనబడితే 1974 దాటినట్టు. ఆర్చీల వంతెన కనిపిస్తే తొంభైలకి వచ్చేశాం. దివాన్‌చెరువు నుంచి కొవ్వూరు వైపు పొడుగ్గా పోయే నాలుగో వంతెన కూడా వెనకాల ఉంటే 2015 పుష్కరాల తరవాతి మాట. ఇక ‘మూగ మనసులు’ 1964 నాటిది గనక అందులో ఎన్ని వంతెనలకి వీలుందో మీరే చెప్పేయొచ్చు. అరవైల కథ అని చెప్పి, పడవ మలుపు తిరగ్గానే ఆర్చీలు చూపించేస్తే, పడవవాణ్ణి కాదు, అసిస్టెంట్ డైరెక్టర్ని అడగాలి.

వంతెన సంవత్సరం చెప్తే, సూర్యుడు గట్టు పేరు చెప్తాడు. రాజమండ్రి నదికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. అంచేత రాజమండ్రి ఘాట్ మీద నిలబడితే నీళ్ళలోకి దిగే సూర్యుణ్ణి చూడొచ్చు గాని, నీళ్ళలోంచి లేచే సూర్యుణ్ణి చూడలేం. కథ ప్రకారం హీరో రాజమండ్రిలో తెల్లారగట్ల స్నానానికి దిగాడు, ఎదురుగా నది మీద ఎర్రటి బింబం. అయితే రెండే మార్గాలు: కెమెరా కొవ్వూరులో ఉందా, లేకపోతే సాయంత్రాన్ని పొద్దున్న అని నమ్మిస్తున్నారా! వేదమంత్రాలు వేసి, పిట్టల కూతలు కలిపితే సాయంత్రం పొద్దున్నైపోతుంది. బయటి ఊరివాళ్ళు నమ్ముతారు. రెండు గట్లూ ఎరిగిన మనం ఎలా నమ్ముతామండీ?

నెల చెప్పేవి నీళ్ళు. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి ఎర్రగా, బురదగా, సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. చలికాలానికి తేరుకుంటుంది. వేసవికి ఇసక తిన్నెలు బయటపడతాయి. కథలో వరదొచ్చి ఊరు మునిగిపోతోందని జనం ఏడుస్తుంటే వెనకాల నది తేటగా, నీలంగా, తిన్నెలతో కనిపించిందంటే డేట్లు దొరికింది మాఘంలో అని అర్థం. మన కాలవలూ అంతే. వేసవిలో కట్టేస్తారు, మరమ్మతులు చేసుకుని జూన్‌లో మళ్ళీ నీళ్ళొదులుతారు. మే నెల ఎండలో కథ నడుస్తూ కాలవ గట్లు ఒరుసుకు పారుతుంటే కాస్త అనుమానించండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. తప్పు అనుకున్నవన్నీ తప్పులు కావు. సంక్రాంతి సీనులో చేలో అప్పుడే ఊడ్చిన వరి పచ్చగా కనిపిస్తే పట్నం ప్రేక్షకుడు “పండక్కి కోతలైపోవాలిగా, ఇదేమిటి?” అని ఎగిరి గంతేస్తాడు. సార్వా కోతలైపోయిన మాట నిజమే, కానీ మన డెల్టాలో ఆ రోజులకి దాళ్వా ఊడ్పులు నడుస్తుంటాయి. తీసినవాడు సరిగ్గానే తీశాడు. తప్పు పట్టినవాడే డెల్టా ఎరగనివాడు. ఊరు తెలియకుండా తప్పులు వెతకడం, సాక్షిని విచారించకుండా తీర్పు చెప్పడం ఒకటే.

సాక్షి అంటే గుర్తొచ్చింది. బాపు గారి మొదటి సినిమా ‘సాక్షి’ 1967లో ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీశారు. హత్యని కళ్ళారా చూసి, భయపడుతూనే కోర్టులో చెప్పిన బల్లకట్టువాడి కథ అది. సెట్లు వేసుకోకుండా పల్లెలోకే వెళ్ళి తీసిన సినిమా కాబట్టి పులిదిండివాళ్ళకి ఇవాళ అది కథ కాదు, అరవైల నాటి తమ ఊరు. ఎవరి అరుగు, ఎవరి వాకిలి, ఏ రేవు అని పెద్దవాళ్ళు చెప్పుకోవచ్చు. ఆ వివరాలు ఏ రికార్డాఫీసులోనూ దొరకవు.

కొవ్వూరు దగ్గర కుమారదేవం చెట్టు సంగతీ అలాంటిదే. గోదావరి గట్టున నూటయాభై ఏళ్ళ నిద్రగన్నేరు. ‘పాడిపంటలు’ నాటి నుంచి లెక్కలేనన్ని సినిమాలు దాని కిందే తీశారు. అందుకే ఊరివాళ్ళు ‘సినిమా చెట్టు’ అని పేరు పెట్టేశారు. విశ్వనాథ్ గారు, బాపు గారు, జంధ్యాల గారు, వంశీ గారు, అందరికీ ఆ నీడే కావలసొచ్చింది. ఒక సినిమాలో రచ్చబండ దాని కింద, ఇంకో సినిమాలో ప్రేమికులు దాని కింద, మూడో దాంట్లో పంచాయితీ దాని కింద. కథల్లో మూడు వేరే ఊళ్ళు, నేల మీద ఒకటే చెట్టు. కొమ్మలు చీలిన తీరు గుర్తుపెట్టుకున్నవాడికి ఏ సినిమా అయినా రెండు నిమిషాల్లో దొరికిపోయేది. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. ఆ చెట్టు పదేళ్ళకోసారి ఎంత విస్తరించిందో, ఏ కొమ్మ ఎప్పుడు పోయిందో చూడాలంటే ఇప్పుడు సినిమాలే గతి.

రోడ్డు మీది ఆధారాలకి పెద్ద చదువక్కర్లేదు. ఏపీ 37 అని ప్లేటుంటే మన పశ్చిమగోదావరి బండి, ఏపీ 5 తూర్పుగోదావరి, ఏపీ 31 విశాఖ. ఈ అంకెల పద్ధతి వచ్చింది 1989లో. డెబ్భైల నాటి జమీందారు హత్యకేసులో పోలీసు జీపుకి ఏపీ 9 అని ఉంటే ముందు ఆ జీపుని అరెస్టు చెయ్యాలి. ఏపీ 39 కనిపిస్తే 2019 తరవాతది. గోడ మీద సైకిల్ గుర్తు ఉంటే 1982 మార్చి తరవాత. తెలుగుదేశం పుట్టిందే అప్పుడు. మన తణుకు మీదుగా పోయే హైవే మైలురాయి మీద 5 అని ఉంటే పాతది, 16 అని ఉంటే 2010లో నంబర్లు మార్చాక తీసింది. నిడదవోలు–నర్సాపురం లైను మీద కరెంటు తీగలు కనబడితే అది ఈమధ్య సంగతే. వీటన్నిటికంటే నమ్మకమైన సాక్షి సినిమా పోస్టరు. కథ ఏ కాలానిదైనా, గోడ మీద ఆడుతున్న సినిమా షూటింగు జరిగిన వారాన్ని చెప్పేస్తుంది.

తొంభైల చివర్లో ఈ ఆటకి గండి పడింది. 1995లో ఈటీవీ, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. ‘అన్వేషిత’ లాంటివి చూస్తూ రాత్రుళ్ళు వణికాం గాని, పోను పోను సీరియళ్ళు హాల్లో సోఫా దగ్గరా, మెట్ల దగ్గరా ఆగిపోయాయి. స్టేషనైనా కోర్టైనా అదే ప్రాంగణంలో తయారు. పనివాళ్ళకి సుఖం, నిర్మాతకి లాభం. మనకి మాత్రం వెనకాల వీధి పోయింది.

ఇక తప్పుల సంగతి. మాట మొదలెట్టినప్పుడు సగం ఉన్న టీ గ్లాసు, ముగిసేసరికి నిండిపోవడం. గుమ్మం ఇవతల చిన్నగా ఉన్న బొట్టు అవతలికి వెళ్ళగానే పెద్దదవడం. కట్టు ఎడం చెయ్యి నుంచి కుడి చేతికి మారడం, ఇవన్నీ ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తే వచ్చే తిప్పలు. పాత ఔట్‌డోర్ రాత్రి సీన్లలో నేల కేసి చూడండి. అర్ధరాత్రి అంటారు, కొబ్బరిచెట్టు నీడ కత్తితో కోసినట్టు పడి ఉంటుంది. పట్టపగలు తీసి, ఫిల్టరు వేసి నీలంగా చేసిన రాత్రులవి.

తీసేవాళ్ళనే ఎందుకంటారు, రాసేవాళ్ళూ తక్కువ తినలేదు. కానన్ డాయల్ 1887లో వాట్సన్‌కి యుద్ధంలో భుజానికి గుండు తగిలిందన్నాడు. 1890 నాటి నవల్లో అది కాలికి దిగింది. వాట్సన్ పేరు జాన్ కదా, ఒక కథలో పెళ్ళాం అతన్ని జేమ్స్ అని పిలుస్తుంది. చదివేవాళ్ళు దీన్ని వదిలేస్తారా? అతని పేరు జాన్ హెచ్. వాట్సన్ గనక ఆ హెచ్ ‘హేమిష్’ అయ్యుంటుంది, అది స్కాట్లండువాళ్ళకి జేమ్సే అని డోరతీ సేయర్స్ వాదించింది. రొనాల్డ్ నాక్స్ 1911లోనే హోమ్స్ కథల మీద వేదానికి భాష్యం చెప్పినంత గంభీరంగా ఓ ప్రసంగం చేశాడు. మనం భారతంలో వరసలు తేల్చుకోవడం లేదూ!

ఆ డాయలే 1892లో రాసిన మచ్చలపట్టీ కథని గ్రెనడావాళ్ళు 1984లో తీశారు. కథలో కలకత్తాలో పనిచేసొచ్చిన డాక్టరు ఒక భారతీయ విషసర్పాన్ని పెంచుతాడు. అది గంట తాడు పట్టుకుని కిందికి దిగి కరుస్తుంది, ఈల వెయ్యగానే వెనక్కెక్కుతుంది, బహుమతిగా గిన్నెలో పాలు తాగుతుంది. పైగా ఆయన పెంచే ‘భారతీయ జంతువుల్లో’ బబూన్ కూడా ఉంది. అది ఆఫ్రికా, అరేబియాల కోతి. చేలో తాచునీ, గడ్డివాములో రక్తపింజరినీ చూసి పెరిగిన మన కోనసీమ రైతుకి ఈ పాముని చూపిస్తే హోమ్స్‌ని పక్కకి తప్పుకోమంటాడు. డాయల్ చెప్పిన ‘చిత్తడి పాము’ మన దేశంలో ఎక్కడా లేదు. అయితే మరీ విరగబడి నవ్వకండి. నాగులచవితికి పుట్టలో పాలు పోసేదీ, సినిమాల్లో నాగస్వరానికి పాముచేత డాన్సు చేయించేదీ మనమే. పాముకి పాలు తిండి కాదు.

చివరిగా కొలంబో కథ ఒకటి చెప్పి ఆపేస్తాను. పీటర్ ఫాక్ వేసిన ఆ నలిగిన కోటు డిటెక్టివ్‌కి ఇంటిపేరే గాని అసలు పేరు ఎక్కడా పలకరు. ఫ్రెడ్ వర్త్ అనే ఆయన చిత్రవిచిత్ర విషయాల పుస్తకం రాస్తూ, కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోవడానికి, కొలంబో పేరు ఫిలిప్ అని కావాలని ఓ అబద్ధం ఇరికించాడు. తరవాత ట్రివియల్ పర్సూట్ ఆటలో అదే ఫిలిప్ తేలాడు. 1984లో వర్త్ దావా వేశాడు. విషయాలు ఎవరి సొత్తూ కావంటూ కోర్టు కొట్టేసింది. ఇంతకీ కొలంబో జేబులోని గుర్తింపు కార్డు తెర మీద దగ్గరగా కనిపించినచోట ఉన్న పేరు ఫ్రాంక్! ఆపి చూసినవాళ్ళకి ఆ కార్డు దొరికింది, చూడకుండా ఎత్తి రాసినవాళ్ళకి ఫిలిప్ దొరికాడు.

కాబట్టి భీమవరం అమ్మగారికీ, మిగతా మీ అందరికీ ఈ నెల పని ఒకటి అప్పజెబుతున్నాను. మీ ఊళ్ళోనో, మీ చుట్టుపక్కలో తీసిన పాత సీను ఒకటి ఎంచుకోండి. వెనకాల మీకు కనిపించిందేమిటి, దాన్నిబట్టి తీసిన చోటూ కాలమూ ఏమనిపిస్తోంది, మీరు పొరబడటానికి దారి ఏమైనా ఉందా అన్న మూడు ముక్కలూ రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఏ కొట్టు ఎవరిదో చెప్పడానికి వాళ్ళని మించిన పరిశోధకులు లేరు. ఎవరో అన్నారని రాయకండి, మీ కంటితో ఆపి చూసిందే రాయండి. బాగా తేల్చినవాటిని వచ్చే ఉత్తరంలో అందరికీ వినిపిస్తాను.

అన్నట్టు, హంతకుడి పేరు మాత్రం రాయకండేం. మొదటిసారి చూడబోయేవాళ్ళు కూడా మన ఉత్తరాలు చదువుతున్నారు.

మీ శ్రేయోభిలాషి,
తణుకు నుంచి